సరిహద్దు దాటవలసిన కాగితం

జిల్లా కోర్టులో అనువాదకుడిగా పాతికేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత కూడా హనుమకొండ అదాలత్ సెంటరుతో నా సంబంధం తెగలేదు. దస్తావేజులు, వీలునామాలు, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి మార్చి ఇమ్మని తెలిసినవారు ఇప్పటికీ ఇంటికి పంపుతుంటారు. అలా ఒకనాడు నా బల్ల మీదికి ఒక చిట్టీల మోసం కేసు కట్ట వచ్చింది. అనుమతి లేని చిట్టీలు ఏళ్ల తరబడి నడిపి, కొన్ని వందల కుటుంబాల సొమ్ముతో ఒక వ్యక్తి విదేశానికి వెళ్లిపోయాడు. అతణ్ణి అప్పగించమని ఆ దేశాన్ని కోరడానికి ఎఫ్‌ఐఆర్, పంచనామా, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు అన్నీ ఇంగ్లీషులో కావాలి. వ్యవహారం ఇంకా నడుస్తున్నందున ఆ దేశం పేరు గానీ, మనుషుల పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు.

ఆ కట్టలో ఇరవై ఏడు వాంగ్మూలాలు ఉన్నాయి. మొదటిదాన్ని ఎంతో శ్రద్ధగా అనువదించాను. మూడోదానికి వచ్చేసరికి చేతికి అలవాటైన వాక్యాలే మళ్లీ ఎదురయ్యాయి. "నేను పై చిరునామాలో నివసిస్తూ కూలి పని చేసుకొని జీవిస్తున్నాను" అన్న మొదటి వాక్యం నుంచి "కావున తగు చర్య తీసుకొనగలరు" అన్న చివరి వాక్యం దాకా పేరు, వయసు, పోయిన మొత్తం తప్ప వేరేమీ మారలేదు. పదకొండో సాక్షి వాంగ్మూలంలో ఉన్న అక్షర దోషం పంతొమ్మిదో సాక్షి వాంగ్మూలంలో కూడా అదే చోట ఉంది. వీటిని రాసింది ఏ ఠాణాలోనో చెప్పను. రోజుకు పదహారు గంటలు పనిచేసే ఒక కానిస్టేబులు ఇంతమందిని కూర్చోబెట్టి ఓపికగా విని రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఈ కాగితం అదాలత్‌తో ఆగేది కాదు. తెలుగు రాని, చిట్టీ అంటే ఏమిటో ఎన్నడూ వినని ఒక న్యాయమూర్తి ముందు ఈ ఇరవై ఏడుగురి తరఫున నిలబడేది అదొక్కటే.

ఆ ఇరవై ఏడుగురిలో ఒకామె కొత్తవాడలో దరీలు నేస్తుంది. వాంగ్మూలంలో మాత్రం ఆమె వృత్తి గృహిణి అని ఉంది. న్యాయవాది కార్యాలయంలో అనుకోకుండా ఎదురుపడి, నేనెవరో తెలిసిన తరువాత, "సారూ, వాణ్ని ఎప్పుడు తోలుకొస్తరు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు. చెల్లె, కాగితాలు పోవాలె, అక్కడి కోర్టు చూడాలె, టైం పడుతది అని మాత్రం అన్నాను. ఆమె మాటల మధ్యలో డబ్బు కట్టిన రోజును గుర్తు చేసుకుంటూ, సారలమ్మ గద్దెకు వచ్చిన బుధవారం నాడు, బిడ్డ పెండ్లికని దాచుకున్న రెండు లక్షలు అతని చేతికే ఇచ్చానని, మేడారం పోయే బండి ఎక్కబోతూ దారిలో ఇచ్చానని, అతడు చిట్టీ పుస్తకంలో అక్కడే సంతకం చేశాడని చెప్పింది. 2022 జాతరలో ఆ బుధవారం ఫిబ్రవరి 16. తేదీ, స్థలం, మొత్తం, చేతివ్రాత అన్నీ అందులో ఉన్నాయి. నా ముందున్న కాగితంలో మాత్రం ఆ భాగమంతా "సుమారు రెండేళ్ల క్రితం కొంత డబ్బు కట్టినాను" అని ఉంది. అనువాదకుడు ఉన్నది మార్చకూడదు, లేనిది చేర్చకూడదు. ఆ రాత్రి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టే ఇంగ్లీషులోకి మార్చి, చాలాసేపు నిద్రపట్టక కూర్చున్నాను.

నేరస్థుల అప్పగింత గురించి పత్రికల్లో చదివేవారికి అది రెండు ప్రభుత్వాల మధ్య జరిగే పెద్దల వ్యవహారంగా కనిపిస్తుంది. నిజానికి దాని మొదలు ఇక్కడి ఠాణాలో, ఇక్కడి మేజిస్ట్రేటు కోర్టులో ఉంటుంది. మన దేశంలో దీనికి ఆధారం 1962 నాటి అప్పగింత చట్టం. దర్యాప్తు అధికారి మేజిస్ట్రేటు ముందు ప్రమాణ పూర్వకంగా ఒక అఫిడవిట్ ఇవ్వాలి. కేసు ఏమిటో, ఏ సాక్ష్యం ఏ నేరాన్ని రుజువు చేస్తుందో, వేరే కాగితం చూడనవసరం లేకుండా అందులోనే తెలియాలి. దానికి తోడు తేదీ గడువు లేని అరెస్టు వారంటు, ఆ మనిషే ఈ మనిషి అని చెప్పే ఫోటో, వేలిముద్రలు, వర్తించే సెక్షన్ల పూర్తి పాఠం జతచేయాలి. ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి కేంద్ర హోంశాఖకు, అక్కడి నుంచి విదేశాంగ శాఖకు, ఆపై మన రాయబార కార్యాలయం ద్వారా ఆ దేశానికి చేరతాయి. రెడ్ కార్నర్ నోటీసు వచ్చిందంటే పని అయిపోయినట్టేనని మనవారిలో చాలామంది అనుకుంటారు. అది ఇంటర్‌పోల్ ద్వారా సభ్య దేశాలన్నిటికీ వెళ్లే కబురు మాత్రమే. అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆ దేశపు చట్టం తేలుస్తుంది. అరెస్టయిన తరువాత కూడా అప్పగింత వేరే విచారణ.

ఆ విచారణలో మొదటి మెట్టు, ఈ పని నేరమని రెండు దేశాలూ ఒప్పుకోవడం. మన చిట్టీ కేసులో నాకు అన్నిటికంటే చెమట పట్టించినది ఇదే. చిట్టీని రిజిస్టరు చేయకుండా నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నేరం. కానీ వేలం పాట పాడడం, చిట్టీ ఎత్తుకోవడం, కమీషను పోగా మిగిలింది పంచుకోవడం తెలియని దేశంలో దానికి సమానమైన నేరం ఎక్కడ ఉంటుంది? అప్పు తీర్చలేకపోవడం అక్కడా ఇక్కడా సివిలు వ్యవహారమే తప్ప నేరం కాదు. అందుచేత కోరిక నిలబడాలంటే చిట్టీ అన్న పేరు మీద నిలబడదు. మొదటి నుంచే ఎగ్గొట్టే ఉద్దేశంతో నమ్మించాడన్న మోసం మీద, అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకున్న నమ్మకద్రోహం మీద నిలబడాలి. న్యాయస్థానాలు సాధారణంగా నేరం పేరును కాక నేరస్థుడు చేసిన పనిని చూస్తాయి. ఆ పని ఏమిటో చెప్పేది సాక్షి. అతడు చివరి ఆరు నెలల్లో కొత్తవారిని ఎలా చేర్చుకున్నాడు, అదే సమయంలో ఇల్లు ఎప్పుడు అమ్మాడు, ఎవరికి ఏ మాట చెప్పాడు అన్నవి సాక్షుల నోట రాకపోతే అది వ్యాపారంలో దెబ్బతిన్న మనిషి కథగా మిగిలిపోతుంది.

మన ప్రాంతంలో పెళ్లి చేసి అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపిన ఆడపిల్లలను వదిలేసిన భర్తల కేసుల్లో కూడా ఇదే చిక్కు వస్తుంది. వరకట్నం అన్న పేరుతో నేరం చాలా దేశాల చట్టంలో లేదు. కొట్టడం, బెదిరించడం, సొమ్ము లాక్కోవడం అన్నిచోట్లా నేరాలే. ఫిర్యాదులో ఆ పనులు విడివిడిగా, తేదీలతో ఉంటే ఒక తీరుగా, "అదనపు కట్నం కోసం వేధించినాడు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే మరొక తీరుగా ఉంటుంది.

కాగితం బలహీనమైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి భోపాల్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. మృతుల సంఖ్యను ప్రభుత్వం మొదట 2,259గా చెప్పింది. తరువాతి సంవత్సరాల్లో అది ఎంతో పెరిగింది. కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ డిసెంబరు 7న భోపాల్ వచ్చాడు, అరెస్టయ్యాడు, అదే రోజు బెయిలు పొంది ప్రభుత్వ విమానంలోనే ఢిల్లీకి చేరి దేశం విడిచి వెళ్లాడు. 1992లో భోపాల్ కోర్టు అతణ్ణి పరారీలో ఉన్నవాడిగా ప్రకటించింది. అప్పగించమని అమెరికాను మన ప్రభుత్వం లాంఛనంగా కోరింది 2003లో. మరుసటి ఏడు జూన్‌లో అమెరికా తిరస్కరించింది. 1997లో రెండు దేశాలూ సంతకం చేసిన ఒప్పందంలో, రెండు చోట్లా నేరం కావాలన్న అధికరణాన్నీ, జతచేయవలసిన సాక్ష్యాధారాల గురించిన అధికరణాన్నీ ఆ కోరిక సంతృప్తి పరచలేదని దాని జవాబు. 2014 సెప్టెంబరులో ఆండర్సన్ ఫ్లోరిడాలో మరణించాడు. అమెరికా తన పౌరుణ్ణి కాపాడుకున్నదన్న మాటలో నిజం లేదని నేను అనను. అయితే 19 ఏళ్లు ఆలస్యంగా పంపిన కోరికకు అవతలివాడు చూపగలిగిన సాకు మన కాగితాల్లోనే దొరికిందన్నది కూడా నిజం. ఆ రెండో నిజమే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

మన నేలకు ఈ విషయం కొత్తది కాదు. హైదరాబాదు రాజ్యానికీ బ్రిటిషు ప్రభుత్వానికీ మధ్య 1867లోనే నేరస్థుల అప్పగింతపై ఒప్పందం ఉండేది. మహదేవపూర్ వైపు గోదావరి దాటి సిరొంచలో అడుగుపెడితే అది బ్రిటిషు ఇలాకా. దొంగతనం చేసినవాడు ఏరు దాటితే ఇక్కడి అమీను, అంటే నిజాం పోలీసు అధికారి, అక్కడికి వెళ్లి పట్టుకు రావడం కుదిరేది కాదు. నిజాం రాజ్యంలోని రైల్వే స్టేషనులో యూసుఫుద్దీన్ అనే వ్యక్తిని సిమ్లా మేజిస్ట్రేటు వారంటుపై అరెస్టు చేసిన వ్యవహారం అప్పటి ఆఖరి అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. రైలు మార్గపు భూమి మీద నిజాం ఇచ్చిన అధికారం రైళ్ల నిర్వహణకు సంబంధించినంత మేరకేననీ, వేరే నేరానికి అక్కడ పట్టుకోవడం చెల్లదనీ 1897లో తీర్పు వచ్చింది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తుకు వస్తుంది. రైలు వాళ్లదైనా నేల మనది అన్న మాటను సముద్రం అవతలి న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. తరువాతి రోజుల్లో నిజాం వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన మనవారు బెజవాడలోనూ చాందాలోనూ (నేటి చంద్రపూర్) తలదాచుకున్నారు. రాజకీయ నేరం మోపి అడిగితే అప్పగించనక్కరలేదన్న నియమాన్ని మన 1962 చట్టం కూడా ఉంచిందంటే, ఆ నియమం ఎవరిని కాపాడుతుందో వరంగల్ వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇటీవలి కేసుల్లో విజయ్ మాల్యాది అందరికీ తెలిసినదే. బ్యాంకులకు సుమారు 9,000 కోట్లు బాకీ ఉండగా 2016 మార్చి 2న దేశం విడిచిన అతణ్ణి అప్పగించవచ్చని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కోర్టు 2018 డిసెంబరు 10న తీర్పు చెప్పింది. విచారణ సమయంలో ఆ న్యాయమూర్తి మన సాక్ష్యాల గుట్టను చూసి, ముక్కలు ముక్కలుగా ఉన్న బొమ్మను పేర్చుకోవలసి వస్తున్నదన్నట్టు వ్యాఖ్యానించారు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాలు ఒకే మూసలో ఉన్నాయని అతని న్యాయవాదులు వాదించారు. నా బల్ల మీది ఇరవై ఏడు కాగితాలను చూసిన తరువాత ఆ వాదన గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. పైగా మన చట్టం ప్రకారం పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు. సాక్షిని బలవంతపు సంతకాల నుంచి కాపాడడానికి పెట్టిన నియమం అది. పరాయి న్యాయమూర్తికి మాత్రం అది ఎవరూ ఒప్పుకోని కాగితంలా కనిపిస్తుంది. మాల్యా 2020 ఏప్రిల్‌లో హైకోర్టులోనూ ఓడాడు. అయినా ఇంకేదో రహస్య న్యాయ ప్రక్రియ మిగిలి ఉందంటూ అప్పగింత ఆగిపోయింది. కాగితం గెలిచినా మనిషి రాని సందర్భం అది.

ఇక జైళ్ల సంగతి. మాల్యా కేసులో ముంబై ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ వీడియో తీసి లండన్ కోర్టుకు చూపించవలసి వచ్చింది. గదిలోకి గాలి, వెలుతురు వస్తాయా, ఒక్కో ఖైదీకి మూడు చదరపు మీటర్ల చోటైనా ఉందా అని ఐరోపా న్యాయస్థానాలు కొలతలు అడుగుతాయి. 1995 డిసెంబరులో పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో కిమ్ డేవీ అనే డెన్మార్క్ పౌరుణ్ణి, భారతదేశంలో చిత్రహింసలకు గురయ్యే ప్రమాదం ఉందన్న కారణంతో 2011లోనూ 2024లోనూ అక్కడి కోర్టులు అప్పగించలేదు. ఆయుధ వ్యాపారి సంజయ్ భండారీని తిహార్ జైలులో దోపిడీ, హింస ఎదురయ్యే అవకాశం ఉందంటూ 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు విడిచిపెట్టింది. చిత్రహింసల నిరోధానికి ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై మన దేశం 1997లో సంతకం పెట్టింది. దాన్ని ఆమోదించడం మాత్రం ఇప్పటికీ జరగలేదు. ఏదో ఒక ఠాణాలో ఒక అనామకుణ్ణి కొట్టిన దెబ్బ, వేల కోట్లు ఎగవేసినవాడికి లండన్‌లో రక్షణ కవచంగా మారుతున్నది. దీన్ని తలచుకుంటే నాకు ఆగ్రహం కలుగుతుంది. వరంగల్ సెంట్రల్ జైలునైతే 2021లో ఖాళీ చేయించి కూల్చి, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. మా కేసు నిందితుణ్ణి ఎక్కడ ఉంచుతారని అవతలి దేశం అడిగితే, జవాబు కోసం వేరే ఊరి జైలు కొలతలే పంపాలి.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కూడా ఈ వ్యవహారంలో పెద్ద భాగం. 257 మందిని బలిగొన్న 1993 ముంబై పేలుళ్ల కేసులో అబూ సలేంను పోర్చుగల్ 2005 నవంబరులో అప్పగించింది. మరణశిక్ష వేయబోమని, 25 ఏళ్లకు మించి జైలులో ఉంచబోమని అంతకుముందు 2002లో మన ప్రభుత్వం రాసి ఇచ్చింది. తరువాత కోర్టులు అతనికి యావజ్జీవ శిక్ష వేశాయి. 25 ఏళ్లు నిండగానే ప్రభుత్వం తన హామీకి కట్టుబడాలని 2022 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేలుళ్లలో అయినవాళ్లను పోగొట్టుకున్నవారికి అది మింగుడుపడదు. కానీ ఆ మాట తప్పితే ఆపైన మనకు ఎవరూ ఎవరినీ అప్పగించరు. మరణశిక్ష లేని దేశం అప్పగించిన వ్యక్తికి ఇక్కడ యావజ్జీవానికి మించి శిక్ష ఉండకూడదన్న సెక్షను మన చట్టంలో ఉన్నది అందుకే. 2008 ముంబై దాడుల కేసులో తహవ్వుర్ రాణాను అమెరికా నుంచి తెప్పించడానికి 2020లో కోరిక వెళితే, అన్ని మెట్లూ దాటి 2025 ఏప్రిల్ 10న అతడు ఢిల్లీలో దిగాడు. పకడ్బందీగా తయారైన కేసుకే ఐదేళ్లు పట్టింది.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలు నన్ను అడిగేది మరో ప్రశ్న. అక్కడ కేసు ఉండి ఇక్కడికి వచ్చేస్తే మళ్లీ పట్టి పంపుతారా అని. 1999లో యుఎఇతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏ దేశమూ తన పౌరులను అప్పగించనక్కరలేదు. అయితే ఇక్కడే విచారణ జరిపించవలసి ఉంటుంది. అమెరికాతో ఒప్పందం అలా కాదు, పౌరుడన్న కారణంతో నిరాకరించడానికి వీల్లేదు. దీనికి పూర్తిగా వేరైనది అక్కడ శిక్ష పడినవారిని ఇక్కడి జైలుకు తెచ్చుకునే పద్ధతి. దానికి 2003 నాటి ఖైదీల స్వదేశ తరలింపు చట్టం ఉంది. 2005 నాటి ఒక హత్య కేసులో దుబాయి జైలులో పడిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు 18 ఏళ్ల తరువాత 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. వారి విడుదల ఈ రెండు దారుల్లోనూ జరగలేదు. మృతుడి కుటుంబం క్షమాభిక్ష పత్రం రాసివ్వడంతో మొదలై, ఏళ్ల ప్రయత్నం మీద జరిగింది. ఎప్పుడో ఒకప్పుడు ఆ సంగతి విడిగా రాయాలి.

నిందితుడు రాకపోయినా విచారణ నడిపించే వీలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 356వ సెక్షను కల్పించింది. ఇది మంచిదేనని కొందరు మిత్రులు అంటారు. సాక్షులు బతికి ఉండగానే వారి మాట రికార్డు కావడం మంచిదే. అయితే నిందితుడి పరోక్షంలో పడిన శిక్షను చాలా దేశాలు అనుమానంతో చూస్తాయి. మళ్లీ విచారణకు అవకాశం ఇస్తారా అని అడుగుతాయి. ఆ తొందరలో ఉన్న దారి కూడా మూసుకుపోకూడదని నా ఆందోళన.

మా కేసు కాగితాలు వెళ్లిన ఎనిమిది నెలలకు అవతలి దేశం నుంచి ప్రశ్నలు వచ్చాయి. డబ్బు ఎవరి చేతికి, ఎక్కడ, ఏ తేదీన ఇచ్చారో తెలిపే ప్రత్యక్ష సాక్ష్యం కావాలన్నది వాటిలో మొదటిది. ఈలోగా ఠాణాకు కొత్తగా వచ్చిన దర్యాప్తు అధికారి, వయసులో నా కొడుకు కంటే చిన్నవాడు, కోర్టు అనుమతి తీసుకొని, ముఖ్యమైన తొమ్మిది మంది సాక్షుల వాంగ్మూలాలను మేజిస్ట్రేటు ముందు నమోదు చేయించాడు. ఈసారి వాటి మీద సంతకాలు ఉన్నాయి. ఒకటి మరొకదానిలా లేదు. ఒకాయన పత్తి అమ్మిన రసీదు గురించి చెప్పాడు, మరొకాయన అల్లుడితో జరిగిన గొడవ గురించి చెప్పాడు. ఆరో వాంగ్మూలం మొదటి వరుసలో "దరీ నేత కార్మికురాలు" అని ఉంది. రెండో పేజీలో ఆమె చెప్పినది చెప్పినట్టే ఉంది. సారలమ్మ గద్దెకు వచ్చిన బుధవారం అన్న మాటకు ఇంగ్లీషు రాసి, ఆ జాతర ఏమిటో, అది రెండేళ్లకు ఒకసారి ఎలా వస్తుందో, ఆ బుధవారం 2022 ఫిబ్రవరి 16 ఎలా అవుతుందో అనువాదకుడి వివరణగా పేజీ అడుగున నాలుగు వరుసల్లో రాశాను. వాంగ్మూలానికి జతచేసిన చిట్టీ పుస్తకం నకలులో కూడా అదే తేదీ ఉంది, అతని సంతకం పక్కన.